కారం తిన్న కడుపు

అన్‌షాన్
మార్చి 28, 1975

లింగ్‌ది నాన్న గారికి,

మీరు క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ అత్తయ్య, లింగ్‌ది, నేను బాగున్నాం.

ఇదివరకు నా ఉత్తరాలన్నీ పక్కింటి జియాంగ్ పిన్ని కొడుకు రాసిపెట్టేవాడు. ఈసారి సంగతి ఒకరి చేత రాయించేది కాదు. అందుకని నేనే రాస్తున్నాను. నాలుగో తరగతితో చదువు ఆగినదాన్ని, తప్పులుంటే నవ్వకండి. మీ స్నేహితుల ముందు చదవకండి.

మీరు కొత్త సంవత్సరం సెలవుకు వచ్చి వెళ్ళాక నాకు నెల తప్పింది. ముందు అత్తయ్యకి చెప్పలేదు. వాంతులు చూసి ఆవిడే తెలుసుకున్నారు. ఆ రోజు నుంచి నీళ్ళ బిందె ముట్టుకోనివ్వడం లేదు. లింగ్‌దిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "తమ్ముణ్ణి వెంటబెట్టుకు రమ్మనే కదే నీకా పేరు పెట్టింది! పిలిచావా లేదా?" అని అడుగుతున్నారు. "పిలిచా" అంటుంది మీ కూతురు. "ఎవర్ని పిలిచావే?" అంటే, "పిల్లిని" అంటుంది.

వాడ కమిటీ ఆవిడ కూడా వచ్చి వెళ్ళింది. ఇది రెండో కాన్పు కాబట్టి పరవాలేదట, దీంతో ఆపెయ్యాలట.

ఒక్క మాట అడగాలని ఉంది. మీరున్న వైపు మిరపకాయలు బాగా దొరుకుతాయని విన్నాను. ఇక్కడ ఏది తిన్నా చప్పగా ఉంటోంది. కుదిరితేనే. కుదరకపోతే వద్దు.

లింగ్‌ది అమ్మ


దూకౌ, సిచువాన్
ఏప్రిల్ 9

లింగ్‌ది అమ్మకి,

ఉత్తరం అందింది. నువ్వు ఇంత బాగా రాస్తావని తెలిస్తే ఆ జియాంగ్ వాళ్ళ కుర్రాడి పెన్ను ఎప్పుడో లాక్కునేవాణ్ణి. వాడి ఉత్తరాలన్నీ కర్మాగారం గోడ మీద నినాదాల్లా ఉండేవి.

సంతోషం పట్టలేకపోతున్నాను. మాకు ఇక్కడ కొండ కడుపు చీల్చి కొలిమి కట్టడమే పని. ఎండ చంపేస్తోంది. వంటవాడు ఈ ఊరివాడు, అన్నంలో కూడా కారం వేస్తాడు. మా ముఠాలో ముసలి కాంగ్ నాలుక మంట చల్లారక సాయంత్రమంతా నోరు తెరుచుకునే కూర్చుంటాడు. కాబట్టి మిరపకాయలకేం కరువు! మనవైపు వస్తున్న మనిషి చేత ఒక మూట పంపుతున్నాను. నిదానంగా తిను, ఇవి మన ఊరి కాయలు కావు.

బరువులెత్తకు. అమ్మ చెప్పినట్టు విను.

దెషెన్


అన్‌షాన్
ఏప్రిల్ 24

లింగ్‌ది నాన్న గారికి,

మిరపకాయలు అందాయి. మూట విప్పగానే ఆ వాసనకే నోరూరింది. అత్తయ్య కంట పడకుండా బొగ్గు ఉండల వెనక దాచాను. ఆవిడ చూడనప్పుడు మొక్కజొన్న రొట్టెలో ఒకటి నలుపుకొని తినేదాన్ని. ఆవిడ ముందు మాత్రం ఊరేసిన క్యాబేజీ పుల్లగా ఉన్నా మారు వడ్డించుకొని తినేదాన్ని. ఎందుకో మీకు తెలుసు. కడుపుతో ఉన్నదానికి పులుపు మీదికి మనసు పోతే మగపిల్లాడు, కారం మీదికి పోతే ఆడపిల్ల అని ఇక్కడ పెద్దవాళ్ళందరి నమ్మకం.

మొన్న లింగ్‌ది ఆ మూట కనిపెట్టింది. ఎర్రగా ఉన్నాయి కదా, మిఠాయనుకొని ఒక కాయ కొరికింది. దాని అరుపుకి మన వరస ఇళ్ళన్నీ బయటికి వచ్చాయి. అత్తయ్య దాని నాలుకకి పంచదార రాసి, మూట పట్టుకొని నా ముందు నిలబడ్డారు.

"ఎవరు తింటున్నారే ఇవి?"

నేను తల వంచుకున్నాను.

"ఊరేసిన క్యాబేజీ మారు అడుగుతుంటే ఎంత మురిసిపోయానే! నాటకమా? కారం తిన్న కడుపులో ఏముంటుందో నాకు తెలీదనుకున్నావా?"

అప్పుడు జియాంగ్ పిన్ని అందుకుంది. "వదినా, మిరపకాయల్ని పట్టుకొని తిడతావేంటి? ఆసుపత్రిలో ఇప్పుడు కడుపులోదేంటో చూసి చెప్పేస్తున్నారు. మా బావ కూతురు వెళ్ళొచ్చింది."

ఎలా చూస్తారో కూడా చెప్పింది. సన్నటి గొట్టం గర్భసంచి ముఖద్వారం దాకా పెట్టి, అక్కడి కణాలు కాసిని తీస్తారట. గాజు పలక మీద పూసి, రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారట. ఆడపిల్లయితే కణంలో ఒక నల్లటి చుక్క కనిపిస్తుందట. మగపిల్లాడికి అది ఉండదట.

"మగాడైతే ఇంటికి. ఆడదైతే అదే వరండాలో చివరి గదికి. ఒక్క పూట పని" అంది పిన్ని, కూరగాయల ధర చెప్పినట్టు.

అత్తయ్య ఆ మాట పట్టుకున్నారు. రెండే కాన్పులన్నప్పుడు రెండోది గురి తప్పకూడదంటున్నారు. వచ్చే నెల మొదట్లో తీసుకెళ్తారట.

మిమ్మల్ని ఎప్పుడూ ఏదీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. మీకేం కావాలి?

లింగ్‌ది అమ్మ


దూకౌ
మే 3

లింగ్‌ది అమ్మకి,

పాపం లింగ్‌ది! దానికి బదులు ముసలి కాంగ్ నాలుక మండాల్సింది.

ఇక్కడ పని జోరుగా ఉంది. కొలిమి పైభాగం లేపుతున్నాం. నది నీళ్ళు మంచులా చల్లగా ఉంటాయి, ఒడ్డున రాళ్ళు మాత్రం కాల్చేస్తాయి. పెంకుటిళ్ళు వేస్తామంటున్నారు, అప్పటిదాకా తడికెల షెడ్డే గతి. ఒక పాము నా బూటులో కాపురం పెట్టింది. కాంగ్ దాన్ని పట్టుకొని, "అద్దె కట్టిందా?" అని అడిగాడు.

నువ్వు రాసిన సంగతి. అమ్మ పెద్దది. నన్ను ఒంటి చేత్తో పెంచింది. పరీక్ష చేయించుకుంటే పోయేదేముంది? ఏం చెబుతారో చూద్దాం. తరవాత సంగతి తరవాత.

ఒళ్ళు జాగ్రత్త.

దెషెన్


అన్‌షాన్
మే 13

లింగ్‌ది నాన్న గారికి,

మీ ఉత్తరం చేరింది. పాము సంగతి చదివి లింగ్‌దికి చెప్పాను. అది తన బూట్లు కాంగ్ తాతకి పంపమంటోంది.

పరీక్ష అయింది. మగపిల్లాడని చెప్పారు.

అత్తయ్య సంతోషంగా ఉన్నారు. నేను బాగానే ఉన్నాను.

లింగ్‌ది అమ్మ


దూకౌ
మే 26

లింగ్‌ది అమ్మకి, మన అబ్బాయి అమ్మకి!

నీ ఉత్తరం అన్నం తింటూ విప్పాను. ఎంత గట్టిగా అరిచానంటే, "ఒరేయ్, కొలిమి పేలిందనుకున్నాం కదరా!" అని కాంగ్ కంచం వదిలేసి పరుగెత్తాడు. ముఠా అంతటికీ మిఠాయిలు పంచాను. ముగ్గురు కూతుళ్ళ తండ్రి కాంగ్. "నీ అదృష్టం ఒక గ్లాసు నా గ్లాసులో కూడా పొయ్యరా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ, తరవాత చాలాసేపు నది వైపు చూస్తూ కూర్చున్నాడు.

పేరు కూడా అనుకున్నాం. గాంగ్. ఉక్కు అని. ఉక్కు ఊళ్ళో పుట్టేవాడికి ఇంకేం పేరు పెడతాం?

నాకేం కావాలని అడిగావు. అప్పుడు రాయలేకపోయాను. ఇప్పుడు రాయడానికి అడ్డేముంది, నాకూ మగపిల్లాడే కావాలని ఉండింది. ఆడపిల్లన్నారని నువ్వు రాస్తే నేనేం రాసేవాణ్ణో నాకే తెలీదు. ఆ బాధ తప్పింది.

నీ నోట్లో పంచదార!

దెషెన్


అన్‌షాన్
జూలై 6

దెషెన్ గారికి,

మీ పేరు పెట్టి ఎప్పుడూ రాయలేదు. ఈ ఉత్తరం లింగ్‌ది నాన్నకి కాదు, మీకే రాస్తున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు చదవండి.

ఆసుపత్రి వాళ్ళు మగపిల్లాడని చెప్పలేదు. ఆడపిల్ల అని చెప్పారు.

మీ సంతోషం చదివిన నాటి నుంచి ఇది రాయాలని కాగితం తీస్తున్నాను, మడుస్తున్నాను. అత్తయ్యతో ఆడిన అబద్ధం నాకేమీ బరువు కాలేదు. మీతో ఆడింది మోయలేకపోతున్నాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. లోపలికి పెద్దవాళ్ళని రానివ్వరు. అత్తయ్య బయట బల్ల మీద కూర్చున్నారు. లోపల డాక్టర్ లువాన్ అని ఒకావిడ. నెమ్మదస్తురాలు. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయని ముందే చెప్పి, నన్ను క్షమించమని అడిగింది. నన్ను అలా ఎవరూ అడగలేదు. నొప్పి పెద్దగా లేదు, సిగ్గుతోనే సగం చచ్చాను. చెప్పిన రోజున మళ్ళీ వెళ్ళాం. "చుక్క కనిపించింది. ఆడపిల్ల కావచ్చు" అందావిడ. "మీ ఇంట్లోవాళ్ళు ఏమనుకుంటున్నారు? ఏం చేస్తారో రేపు చెప్పినా సరే" అంది.

నేను బయటికి వచ్చాను. వరండాలో చివరి గదిలోంచి ఒకామె గోడ పట్టుకొని నడిచి వస్తోంది. ఆమె వెనక వాళ్ళ అత్తగారు, వేడినీళ్ళ సీసా మోసుకుంటూ.

అప్పుడు నాకు లింగ్‌ది గుర్తొచ్చింది. మిరపకాయ కొరికి అరిచిందని మీకు రాశాను కదా. ఆ తరవాత జరిగింది రాయలేదు. అత్తయ్య అటు వెళ్ళగానే అది కళ్ళు తుడుచుకొని, ముక్కు చీదుకొని, నా దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. "ఇంకోటి" అంది. వరండాలో నిలబడి అదే అనుకున్నాను. కడుపులోది కూడా నన్ను రోజూ అదే అడుగుతోంది. ఇంకోటి, ఇంకోటి అని. ఇద్దరూ ఒక్క రకమే. ఒకదానికి పంచదార రాసి, ఒకదాన్ని చివరి గదికి ఎలా తీసుకెళ్ళను?

అత్తయ్య లేచి నిలబడి, "ఏమన్నారే?" అన్నారు.

"మగపిల్లాడట" అన్నాను.

నేను ఆలోచించలేదు. నోరే అనేసింది. అత్తయ్య నా రెండు చేతులూ పట్టుకున్నారు. దారి పొడుగునా కనిపించిన వాళ్ళందరికీ చెప్పారు. "మరి మిరపకాయల సంగతేంటి వదినా?" అని జియాంగ్ పిన్ని అడిగితే, "అవి సిచువాన్ కాయలు. మన లెక్కలు వాటికి పనిచెయ్యవు" అన్నారు. ఇప్పుడు ఆవిడే నా గిన్నెలో కారం వేస్తున్నారు.

ఇదంతా నవంబరులో కాన్పు అయ్యేవరకే నిలుస్తుంది. ఆ తరవాత ఇల్లు నా మీద విరుచుకుపడుతుంది. పడనివ్వండి. నాకు భయం లేదు. ఉన్న భయమల్లా మీ గురించే. ఆడపిల్లన్నారని నేను రాస్తే ఏం రాసేవారో మీకే తెలీదన్నారు. ఇప్పుడు రాశాను. ఏం రాస్తారో రాయండి.

బిడ్డకి నేనూ ఒక పేరు అనుకున్నాను. దాన్‌దాన్. ఎరుపు అని. మీరు పంపిన కాయల రంగు.

యాచిన్


అన్‌షాన్
ఆగస్టు 20

దెషెన్ గారికి,

మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. జీతం డబ్బు మాత్రం అత్తయ్య పేర వచ్చింది కాబట్టి క్షేమంగా ఉన్నారని తెలిసింది.

నేను బతిమాలడానికి రాయడం లేదు. బిడ్డ బాగా తంతోందని చెప్పడానికి రాస్తున్నాను. పాత పూల రవికె విప్పి చిన్న చొక్కా కుట్టాను. అత్తయ్య చూసి, "మగపిల్లాడికి పూలేంటే?" అన్నారు. "ఇంట్లో ఉన్న గుడ్డ ఇదే కదా" అన్నాను.

మిరపకాయలు అయిపోయాయి.

యాచిన్


దూకౌ
సెప్టెంబరు 8

యాచిన్,

నీ జూలై ఉత్తరం చదివి కోపం వచ్చింది. ఊరంతా నమ్మినట్టు నన్నూ నమ్మించావని. పంచిన మిఠాయిలు గుర్తొచ్చి సిగ్గేసింది. మూడుసార్లు రాసి చించేశాను.

ఎవరికీ చెప్పకుండా ఉండలేక కాంగ్‌కి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నా మూడోదాని అప్పుడు ఈ గొట్టాలు లేవు, బతికిపోయిందిరా" అన్నాడు. "ఉండుంటే నేను పంపేవాణ్ణి. ఇప్పుడు అదే నాకు ఉత్తరాలు రాస్తోంది. పెద్దవాళ్ళిద్దరూ రాయరు."

నాకు నీ అంత మాటలు రావు. మన ఊరివాళ్ళ చేత ఒక మూట పంపుతున్నాను. ఈసారి పెద్దది. కొండ మీది పల్లెకి నడిచి వెళ్ళి, వాళ్ళలో బాగా కారమైనవి ఏవో అడిగి తెచ్చాను. చాలకపోతే రాయి.

కాన్పయ్యాక అమ్మతో నేను మాట్లాడతాను.

దెషెన్


అన్‌షాన్
డిసెంబరు 14

దెషెన్ గారికి,

కాన్పు కబురు టెలిగ్రాం అంది మీరు ఎంత తికమక పడ్డారో మీ ఉత్తరంలోనే తెలిసింది. "నువ్వు అబద్ధమాడావా, ఆసుపత్రి ఆడిందా, లేక నాకు చదవడం రాదా?" అని రాశారు. కాన్పు చేసిన ఆవిడ "మగపిల్లాడు" అన్నప్పుడు నేను కూడా, "సరిగ్గా చూడండి" అన్నాను. గదిలో అందరూ నవ్వారు.

డాక్టర్ లువాన్ నన్ను గుర్తుపట్టి చూడ్డానికి వచ్చింది. బిడ్డని చూసి మంచం అంచు మీద కూర్చుండిపోయింది. "చుక్క తల్లి కణాల్లో కూడా ఉంటుంది. ఒక్కోసారి గొట్టానికి బిడ్డవి కాకుండా తల్లివే అంటుకుంటాయి. నీ విషయంలో మేం చూసింది నిన్నే అయివుంటుంది" అంది. ఆ మాట దాచుకోనక్కర్లేదని, అడిగినవాళ్ళకి చెప్పమని కూడా అంది. మంచి మనిషి.

నన్నే చూసి ఆడపిల్లన్నారు. బాలింతగా ఉన్న ఆ నెల రోజులూ, కింద మంట పెట్టి వెచ్చబెట్టే ఇటుక మంచం మీద పడుకొని ఈ మాటే తలుచుకున్నాను.

నెల నిండిన రోజున అత్తయ్య గుడ్లు ఉడికించి ఎర్ర రంగు వేసి వరసంతా పంచారు. ఇల్లు నిండిపోయింది. బిడ్డని ఎత్తి చూపిస్తూ, "ఆసుపత్రి మాటంటే ఇనుము! మావాడి విషయంలో వెంట్రుక వాసి తేడా వచ్చిందా?" అంటున్నారు.

"అందుకేగా వదినా, మేమూ వెళ్ళాం" అంది జియాంగ్ పిన్ని. "మాకే కర్మ కాలింది. చుక్క కనిపించిందట. రేపు పొద్దున్నే పని కానిచ్చేస్తాం."

పిన్ని కోడలు గుయ్‌లాన్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఎర్ర గుడ్డు. వలుచుకోవడం లేదు, కింద పెట్టడం లేదు. రంగు అరచేతికి అంటుకుపోయింది.

మీకు తెలుసు కదా, నలుగురిలో నేను మంచినీళ్ళు కూడా అడగలేను. కానీ ఆ పిల్లని అక్కడికి పంపింది నా అబద్ధమే. పరీక్ష నిజం చెప్పిందని వరసంతా నమ్మింది నా వల్లే.

"అత్తయ్యా" అన్నాను. "ఆసుపత్రి వాళ్ళు నాకు ఆడపిల్ల అనే చెప్పారు."

గుడ్లు వలుచుకుంటున్న చేతులు ఆగిపోయాయి. అత్తయ్య నన్ను చూడలేదు. ముందు బిడ్డ గుడ్డ విప్పి చూసుకున్నారు. మళ్ళీ కప్పారు. అప్పుడు నన్ను చూశారు.

"మరి నాకు మగపిల్లాడని చెప్పావు?"

"అబద్ధం చెప్పాను."

"ఎందుకే?"

"నిజం చెబితే ఇవాళ ఈ గుడ్లు ఉండేవి కావు."

డాక్టర్ చెప్పిందంతా చెప్పాను, చుక్క సంగతి, తల్లి కణాల సంగతి. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. జియాంగ్ పిన్ని ముఖంలో లెక్కలు తిరగడం చూశాను.

"అయితే మా గుయ్‌లాన్‌ది కూడా మగపిల్లాడేనంటావా?"

"కావచ్చు, కాకపోవచ్చు. నేనైతే ఆడపిల్లనుకునే ఉంచుకున్నాను."

ఆ రెండో మాట పిన్ని వినలేదు. మొదటిదే పట్టుకుంది. "అమ్మో! పొరపాటున మగనలుసుని పోగొట్టుకునేదాన్ని" అని గుండె బాదుకుంది. ఆ కారణం మంచిది కాదని నాకు తెలుసు. కానీ మర్నాడు వాళ్ళు ఆసుపత్రికి వెళ్ళలేదు. గుయ్‌లాన్ గుమ్మంలోనే కూర్చుని ఆ గుడ్డు వలుచుకుని తింది. తింటున్నంతసేపూ నావైపే చూసింది. తనకి ఆడపిల్లే పుడితే ఆ రోజు కూడా నేను వాళ్ళింటికి వెళ్తాను. గుడ్లకి ఎర్ర రంగు నేనే వేస్తాను. పిన్ని ఏమన్నా సరే.

అత్తయ్య కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం మాట్లాడాయి, ఎత్తి పెట్టినప్పుడల్లా. నిన్న మీరు పంపిన కాయలు నూనెలో వేయిస్తూ, పొగకి దగ్గుతూ, అటు తిరిగే అడిగారు.

"ఇంకెన్ని అబద్ధాలాడావే నాతో?"

"అదొక్కటే, అత్తయ్యా."

"చేతకానిదానా" అన్నారు. "మా అత్తగారితో నేను ఎన్నాడానో నీకేం తెలుసు!" కాయలు ఒకసారి కలిపి, "దెషెన్‌కి ముందొక పిల్ల ఉండేది. నేను అబద్ధమాడలేకపోయాను" అన్నారు. కాయలు మాడుతున్నాయని నేను చెప్పేదాకా మళ్ళీ కదల్లేదు. ఆ పిల్ల సంగతి మీకు తెలుసో లేదో. నేను అడగలేదు. మీరూ అడగకండి.

బాబు బాగున్నాడు. మీరు పెట్టిన పేరే పెట్టాం, గాంగ్. పూల చొక్కా వాడికే తొడుగుతున్నాను, చలికి పూలైతేనేం, చారలైతేనేం. వాణ్ణి ఎత్తుకుంటే నా గుండె నిండుతుంది. కానీ ఒక సంగతి మీకే చెప్పగలను. వేసవి అంతా నేను మాట్లాడింది ఒక ఆడపిల్లతో. ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు, అసలు రానే లేదు. అయినా అప్పుడప్పుడు వెతుక్కుంటున్నాను.

అందుకని ఒక పని చేశాను. మీ అనుమతి అడగలేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకు రమ్మని పెట్టిన పేరు, తమ్ముడు వచ్చాక దానికి ఇంకా ఎందుకు? "దాని పని అయిపోయింది కదా, మార్చుకో" అని అత్తయ్యే ఇంటి రిజిస్టరు తీసి నా చేతికిచ్చారు. పోలీసు ఠాణాలో గుమాస్తా, "కొత్త పేరేంటి?" అని అడిగాడు. గట్టిగానే చెప్పాను. మన పెద్దది దారి పొడుగునా ఆ పేరు తనకి తానే చెప్పుకుంటూ వచ్చింది. ఇంటికి రాగానే చెయ్యి చాపి మిరపకాయ అడిగింది.

ఇకమీద నన్ను లింగ్‌ది అమ్మ అని రాయకండి. ఆ పేరుగల వాళ్ళు ఈ ఇంట్లో లేరు.

దాన్‌దాన్ అమ్మ,
యాచిన్